చూసుడొక్కటే, దిద్దుడు లేదు

సిరొంచ బస్టాండు వెనుక గ్రామసభల సమాఖ్య ఆఫీసు.
మేడమీది అర్రల, కరెంటు ఉన్నంతసేపు నేను.
కిటికీలకెళ్లి చూస్తే ప్రాణహిత,
నీళ్లకన్న ఇసుకే ఎక్కువ.
పదిహేను రోజులల్ల తునికాకు సీజన్.
ఆలోపు లెక్కల సాఫ్ట్‌వేర్‌కు
తలుపులు పెట్టాలె.

నిరుడు తలుపుల్లేవు.
అందరికీ ఒక్కటే పాస్‌వర్డ్,
గోడమీద బొగ్గుతోటి రాసి ఉండేది.
అంకీసా ఫడి కాడి ఎనిమిది వేల కట్టలు
తెల్లారేసరికి పద్దెనిమిది వేలైనయి.
ఎవరు మార్చిన్రంటే కంప్యూటర్ చెప్పింది ఒక్కటే పేరు:
"ఆఫీస్".
ఆఫీసును ఠాణాకు ఎట్ల తోలుకపోతరు?

అందుకే ఈసారి హక్కులు మనుషులకు కాదు,
పాత్రలకు.
మనిషి మారొచ్చు, మున్షీ అనే కుర్చీ మారదు.
తెరమీద "పాత్ర" అని రాస్తే
అధ్యక్షురాలు శంకరి గావడే నవ్వింది.
"మా మరాఠీల పాత్రంటే ఏరు పారే జాగ.
రేషన్‌కు అర్హులైనా పాత్రే.
నీ తెలుగుల ఏంది?"
గిన్నె, అన్న.
నాటకంల వేషం, అని కూడా అన్న.
"మరి దీంట్ల ఏది?"
అప్పుడు జవాబు దొరకలే.

మున్షీ తన ఫడి లెక్క రాయొచ్చు,
పొద్దుమీకినంక ముట్టరాదు.
రాసినోడే ఒప్పుకునుడు కుదరదు, దానికి ఇంకో మనిషి.
ఆడిటర్ కుల్మేథే సారు అన్నీ చూస్తడు,
ఒక్క సున్న కూడా కదిలించలేడు.
ఇదంతా ఒక పట్టిక, అడ్డం పాత్రలు, నిలువు పనులు,
నడుమ టిక్కులు.
టిక్కు లేనికాడ "లేదు".
తెల్వని పనికి కూడా మొదటి జవాబు "లేదు".

మొదటి రోజు నేనూ తప్పు చేసిన.
మున్షీకి "తీసెయ్" మీట కనబడకుండ చేసి
తలుపు మూసిననుకున్న.
అది దర్వాజకు పరదా కట్టి తాళమనుకునుడే.
మీట కనబడకున్నా దారి తెలిసినోడు వస్తడు.
అడుగడుగుకు సర్వరే ఆపి అడగాలె,
నువ్వెవరు, ఏ ఫడి, ఏం పనికొచ్చినవ్.

ఇగ మాసే ఆత్రం.
కట్ట చేతులకు తీసుకుంటే చాలు,
డెబ్బైకి నాలుగాకులు తక్కువని చెప్తది.
ఇరవై ఏండ్ల సంది మున్షీలు
ఆమె నోటిమాట విని పెన్సిల్‌తోటి దిద్దుకున్నోళ్లే.
నా పట్టికల ఆమెకు వరుస లేదు.
ఆకు తెచ్చేటోళ్ల పాత్ర ఇచ్చిన,
చూసుడొక్కటే, దిద్దుడు లేదు.

పరీక్షకని ఫోను ఆమె చేతుల పెట్టిన.
మనుమడు చదివిండు: "నూట నలభై కట్టలు."
ఆమె ఆ అంకెమీద వేలు పెట్టి ఒత్తింది.
ఇంకోసారి ఒత్తింది.
తెర కదలలే.
"తప్పు. నూట యాభై.
పది కట్టలు గాలికి పోయినయని సడవలి మున్షీ కొట్టేసిండు.
అవి యాడికి పోలె, వేపచెట్టు కింద ఎండుతున్నయి."
నీకు దిద్దే హక్కు లేదవ్వా, అన్న.
"దిద్దుడు నాకెందుకు బిడ్డా.
తప్పని చెప్పనన్న చెప్పనీయవా?"

చూసుడు, రాసుడు, ఒప్పుకునుడు, తీసేసుడు.
నాకు వచ్చిన క్రియలన్నీ ఇవే.
ఆ రాత్రి ఇంకొకటి చేర్చిన: అభ్యంతరం.
అంకెను మార్చదు,
పక్కన నిలబడుతది.
మున్షీ చెరపలేడు,
శంకరక్క చెరపలేదు.
టైపు చెయ్యరానోళ్లకు గొంతుతోటి.

ఆఖరికి ఒక్క పేరు మిగిలింది, నాది.
అన్ని తలుపుల తాళంచెవి.
తీసేసే ముందర చెయ్యి ఆగింది, అబద్ధమెందుకు.
కరెంటు పోతదేమో అని చూసిన, పోలే.
మళ్లీ లోపలికి పోబోతే
నేను రాసిన వాక్యమే నాకు ఎదురొచ్చింది,
"మీకు అనుమతి లేదు."
చల్లారిన చాయ తాగి మెట్లు దిగిన.

సీజన్ మూడో దినం శంకరి ఫోన్ చేసింది.
మొదటి అభ్యంతరం వచ్చిందట, మాసేదే.
ఏమన్నది అక్కా, అని ఆత్రంగ అడిగిన.
అవతల ఆకులు కట్టే చప్పుడు, ఎవరో దగ్గుడు.
"అది చెప్పాల్నంటే," అన్నది,
"నీ పాత్ర ఏందో చెప్పు ముందు."